మూడు బండల దూరం

పోయిన నెల నర్సింగ్ చదువుతున్న అమ్మాయిలు నలుగురు మా ఇంటికి వచ్చారు. రోగిని అన్ని విధాలా కనిపెట్టి చూసుకోవడం అంటే ఏమిటో రిటైరైన నర్సుల చేత రాయించుకు రమ్మని వాళ్ల టీచరు పంపిందట. టీ తాగాక ఒకమ్మాయి నా చేతికి తెల్లకాగితాలు ఇచ్చి, "కరుణ గురించి రాయండి మేడమ్, మీరు చాలా ఓపికగల నర్సని అందరూ చెప్పారు" అంది. ఆ అందరూ నన్ను సర్వీసు చివర్లో చూసినవాళ్లు. మొదట్లో చూసినవాళ్లను అడిగితే వేరే సంగతి చెప్పేవారు.

కరుణ అన్న మాట పట్టుకొని పేజీలు నింపడం నాకు చేతనవును. రిటైరయ్యేలోపు ఎన్ని మీటింగుల్లో మాట్లాడానో లెక్కలేదు. కానీ మీరు రేపు వార్డులో నిలబడాల్సినవాళ్లు. మీకు నా గొప్పలకన్నా నా తప్పే ఎక్కువ పనికొస్తుంది. అందుకని ఒక్క తప్పు గురించి రాస్తున్నాను. మనుషుల పేర్లు, ఆసుపత్రుల పేర్లు రాయను. చేసింది నేను, గోడలకెందుకు చెడ్డపేరు.

అప్పుడు తాండూరులో పనిచేస్తున్నాను. ఓపీకి వచ్చేవాళ్లు నన్ను చాటుగా పోలీసమ్మ అనేవారు. నాకు తెలుసు, లోలోపల గర్వంగానే ఉండేది. నా బల్ల ముందు వరస తప్పేది కాదు, గొడవ ఉండేది కాదు. కేస్ షీటు నింపడంలో నా అంత వేగం ఎవరికీ లేదు. పేరు, వయసు, ఊరు, ఏం పని. ఈ నాలుగోదానికి నేను ఎక్కువగా రాసిన మాట ఒకటే, కూలి. కంది చేలో కలుపు తీసేవాళ్లూ కూలే, మార్కెట్లో బస్తాలు మోసేవాళ్లూ కూలే, బండల గనుల్లో దిగేవాళ్లూ కూలే. నేనొక్కదాన్నే అలా రాసేదాన్నని కాదు, వాళ్లూ అదే చెప్పేవారు. "ఏం పని జేస్తవ్?" అంటే, "ఏముంటది సిస్టరమ్మా, కూలి" అనేవారు. ఇంకొక్క ప్రశ్న అడగడానికి నాకు తీరికుండేది కాదు. తీరిక ఉన్నరోజున కూడా అడగలేదు.

అలాంటి రోజుల్లోనే ఒకతను వచ్చాడు. ముప్పై దాటి ఉండవు. రెండు నెలలుగా దగ్గు, బరువు తగ్గుతున్నాడు. పక్కన భార్య, ఆమె చంకలో ఏడాదిన్నర పాప. వాళ్లది కొడంగల్ వైపు పల్లె, గొర్లు కాసిన కుటుంబం, మంద అమ్ముకొని తాండూరుకు బతకడానికి వచ్చారు. ఇవన్నీ కొన్నేళ్ల తర్వాత తెలుసుకున్నాను. ఆ రోజు నేను రాసుకున్నది కూలి అన్న ఒక్క మాట. తెమడ పరీక్ష రెండుసార్లు చేయించాం, ఏమీ తేలలేదు. ఎక్స్‌రేలో మాత్రం మచ్చలున్నాయి. అప్పటి డాక్టరు చెడ్డవాడేమీ కాదు. కూలీ మనిషి, దగ్గు, ఛాతీలో మచ్చలు, ఈ మూడూ చూసి టీబీ మందులు మొదలుపెట్టాడు.

మందులు ఎలా వాడాలో చెప్పడం నా పని. నాకు ఆ పని ఇష్టం, నా గొంతు నాకే బాగా వినపడేది. చంకలో పిల్లను చూసేసరికి ఇంకాస్త పెంచాను. "గ్లాసు వేరు, పల్లెం వేరు. మూతికి బట్ట కట్టుకోవాలె. పిల్లను ఎత్తుకునుడు లేదు, ముద్దు వెట్టుకునుడు లేదు, పక్కల పండవెట్టుకునుడు లేదు. దూరం ఉండాలె, సమజైందా?" అన్నాను.

అప్పటికే ఆ పాప తండ్రి మీదికి వంగి చేతులు చాపింది. అతనూ చాపబోయి నా మొహం చూసి వెనక్కు తీసుకున్నాడు.

"ఎంత దూరం సిస్టరమ్మా?" అని భార్య అడిగింది.

మంచి ప్రశ్న. వెనక వరస పెరిగిపోతోంది. నేను కిందికి చూశాను. మా దగ్గర ఆసుపత్రి నేల అయినా, బడి నేల అయినా పరిచేది తాండూరు బండలే. అతని కాళ్ల దగ్గర్నుంచి వేలితో చూపించి, "గీడికెళ్లి మూడు బండలు" అన్నాను. ఆమె ఆ మూడు బండలనూ బుద్ధిగా చూసి తలూపింది.

ఎప్పటిదాకా అని ఆమె అడగలేదు. నేను చెప్పలేదు.

టీబీయే అయినా, మందులు వేసుకుంటున్న మనిషి కొన్ని వారాలు గడిస్తే ఇంకొకరికి అంటించడు. గ్లాసులు, పళ్లేలు వేరు పెట్టాల్సిన అవసరం అసలు మొదట్నుంచే లేదు. ఇది నాకు తెలియక కాదు, ట్రైనింగులోనే చదువుకున్నాను. అతను మందుల కోసం నెలనెలా నా బల్ల దగ్గరికే వచ్చాడు. "ఇంక పిల్లను ఎత్తుకోవచ్చు" అని ఏ నెలలోనైనా అనొచ్చు. మాత్రల పొట్లాలు చూసి, "ఒక్కటి గూడ తప్పలే, శెభాష్" అని పంపించేదాన్ని. అతనికి నయం కాలేదు. మళ్లీ మొదట్నుంచి మందులు మొదలుపెట్టారు. ఈలోపు నాకు హెడ్ నర్సుగా వికారాబాద్ బదిలీ అయింది. దండలు వేయించుకొని, ఫొటో దిగి వచ్చేశాను.

నాలుగేళ్లు దాటాక, ఒక వానాకాలం పొద్దున అతన్ని మా ఛాతీ జబ్బుల వార్డుకు తెచ్చారు. నేను గుర్తుపట్టలేదు. భుజాల ఎముకలు పైకి తేలి, నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. మూతికి తువాలు కట్టుకొని ఉన్నాడు. అతనే నన్ను గుర్తుపట్టి నవ్వాడు.

"మా తాండూరు సిస్టరమ్మ గదా. నువ్వు జెప్పినట్టే జేసిన. ఒక్క మాట దప్పలే" అన్నాడు. మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లాడు టీచరుకు చెప్పినట్టు చెప్పాడు. నేను శెభాష్ అన్నాను. అవును, అప్పుడు కూడా అన్నాను.

మా పెద్ద డాక్టరు మాటలు తక్కువ మనిషి. తెమడ కాగితాలన్నీ ముందేసుకొని, ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. "ఏం పని చేస్తాడు?" అని అడిగాడు. నేను కేస్ షీటు చూశాను. నా చేతికింద పని నేర్చుకున్న నర్సు రాసిన షీటు అది. కూలి అని ఉంది.

"కూలి అంటే? ఏం కూలి?"

ఆయన నేరుగా మంచం దగ్గరికి వెళ్లి అడిగాడు.

"బండలు కోస్త సార్, పాలిష్ యూనిట్ల. పదేండ్ల సంది."

"నీళ్లు పోసి కోస్తారా, పొడిగానా?"

"అంచులు పొడిగనే సార్. నీళ్లు వోస్తే గీత కనవడదు."

వరండాలోకి వచ్చాక డాక్టరు నాతో అన్నాడు. "రాతి దుమ్ము సిస్టర్. పదేళ్లు పీల్చాడు, ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. ఇన్ని పరీక్షల్లో టీబీ ఒక్కసారీ తేలలేదు. మొదట్లోనే ఎవరైనా అడిగి ఆ పని మాన్పించి ఉంటే ఇంకొన్నేళ్లు బతికేవాడు. ఇప్పుడు వారాలే."

"అంటుకుంటుందా సార్?" అని అడిగాను. అడిగే ముందే తెలిసిపోయింది నాకు.

"దుమ్ము ఎవరికి అంటుకుంటుంది సిస్టర్" అని ఆయన వెళ్లిపోయాడు.

దుప్పట్లు పెట్టే గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను. ఏడవలేదు. నాకు ఆ పాప చాచిన చేతులే కనిపిస్తున్నాయి. ఇప్పుడు ఆరేళ్లుంటాయి అనుకున్నాను. తర్వాత బయటికొచ్చి అతని భార్యను పిలిచి, పాప ఎక్కడుందని అడిగాను. తాండూరులో పక్కింటివాళ్ల దగ్గర వదిలి వచ్చిందట. ఇంట్లో ఎలా ఉండేవారో చెప్పమన్నాను. నేను ఒకరి ఇల్లు గురించి అడగడం బహుశా అదే మొదటిసారి.

ఆమె దాచుకోకుండా చెప్పింది. "యూనిట్ల పారేసిన పలిగిన బండలు తెచ్చి ముంగటంత పరిచినం సిస్టరమ్మా. ఆయన మంచం కాడికెళ్లి లెక్కవెట్టి మూడో బండ మీద ముగ్గుపిండితోటి గీత గీసిన. కాళ్లకింద వడి పోతది గద, రోజు పొద్దుగాల మళ్ల గీస్త. పోరి చిన్నగున్నప్పుడు రెండుమాట్ల దాటింది. కొట్టిన. మళ్ల దాటలే."

"తండ్రితోటి మాట్లాడేదా?"

"ఎందుకు మాట్లాడదు? బువ్వ తినేటప్పుడు గీతకు అటు ఆయన, ఇటు ఇది. పల్లికాయలు ఇసిరేటోడు, ఇది పట్టుకునేది. మస్తు నవ్వుతుండె." ఆమె ఆగి నా మొహంలోకి చూసింది. "ఎందుకడుగుతున్నవ్ సిస్టరమ్మా? ఏమన్న తప్పు జేసినమా?"

మధ్యాహ్నం భోజనాల దగ్గర నా తోటి నర్సుకు అంతా చెప్పాను. ఇద్దరం ఒకే బ్యాచ్. నా మంచి చెడ్డా తెలిసిన మనిషి. ఆమె డబ్బా మూత పెట్టేసి, మెల్లగా అంది. "నిజం జెప్పకు అక్కా. పోయేటోనికి గా బాధ ఎందుకు? జబ్బు తగ్గు ముఖం వట్టింది, ఇప్పుడిక అంటుకోదు అని జెప్పు. బిడ్డ వస్తది, సంతోషపడ్తడు. ఎవ్వలకు నష్టం లేదు."

ఆ మాట నాకు ఎంత తియ్యగా అనిపించిందో దాచను. ఇప్పుడిక అంటుకోదు. అబద్ధం కూడా కాదు, సగం నిజం. అతనికి బిడ్డ దొరుకుతుంది, నాకు నా పేరు మిగులుతుంది. ఇది దయ కాదా అని మధ్యాహ్నమంతా నన్ను నేను అడుగుతూ, వార్డులో అటూ ఇటూ తిరిగాను. సాయంత్రం మందుల వేళకు అలాగే చెప్పాలని నిశ్చయించుకొని అతని మంచం దగ్గరికి వెళ్లాను.

నేను నోరు తెరవకముందే అతను నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. భార్య నీళ్లకు వెళ్లిందా అని చూసుకున్నాడు.

"సిస్టరమ్మా, నీకొక మాట జెప్పాలె. నువ్వు కొట్లాడుతవు గని జెప్త. మూడేండ్ల కింద నా పెండ్లాం పనికి వోయినప్పుడు పోరికి జరమొచ్చింది. ఒక్కతే ఏడుస్తుండె. ఉండలేకవోయిన. ఎత్తుకున్న. నా బుజం మీద్నే నిద్రవోయింది." ఊపిరి కోసం ఆగాడు. "గప్పటి సంది ఒకటే ఫికర్. దానికి దగ్గు వచ్చినప్పుడల్ల నా పానం వోతది. నేనే అంటించిన్నేమో. నేను వోయినంక నువ్వు దానికి జర పరీక్ష జేపియ్యి. ఇంట్ల ఎవ్వలకు దెల్వదు."

నేను తెచ్చుకున్న సగం నిజం ఈ మనిషికి ఎందుకూ పనికిరాదు. ఇప్పుడు అంటుకోదంటే ఆ రోజు సంగతేమిటని చచ్చేదాకా తల్లడిల్లుతాడు. స్టూలు లాక్కొని కూచున్నాను. మొత్తం చెప్పాను. నీది టీబీ కాదు, బండ దుమ్ము. ఏం పని చేస్తావో నేను అడగలేదు. నీ జబ్బు ఎప్పుడూ ఎవరికీ అంటుకునేది కాదు. దూరం పెట్టమన్నది నేను, అది తప్పు.

అతను వింటూ నా పెదవులవైపే చూశాడు. "అంటె ఆ దినం ఎత్తుకున్నది..."

"ఏం గాలే. ఏం గాదు."

అతని మొహం విచ్చుకుంది. మూడేళ్ల బరువు దిగిపోయిన మనిషి మొహం. దేవుడా అనుకుంటూ కళ్లు తుడుచుకున్నాడు. నాకూ ఒక్క క్షణం తేలికైంది. తర్వాత చాలా నెమ్మదిగా, తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

"అంటె రోజు ఎత్తుకున్నా ఏం గాకుంటుండె."

అతను గోడవైపు తిరిగాడు. తిట్టినా బాగుండేది. ఆ పూట మాత్రలు వేసుకోలేదు, నేనూ బలవంతం చేయలేదు. తర్వాత భార్యకు కూడా నేనే చెప్పాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకొని వరండాలో కూలబడింది. కాసేపటికి లేచి ఒకే మాట అంది. "నువ్వేదో పనుల పడి ఒక మాట అన్నవ్ సిస్టరమ్మా. మేమే గంత మంచిగ ఇన్నం." నా ఉద్యోగంలో నన్ను చాలామంది తిట్టారు. ఏ తిట్టూ ఇంతగా తగల్లేదు.

మర్నాడు ఆమె పాసింజరు రైల్లో వెళ్లి పాపను తీసుకొచ్చింది. పిల్లలను వార్డులోకి రానివ్వకూడదని నియమం. అతన్ని చివరి చిన్న గదిలోకి మార్పించాను, డాక్టరు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. పాప రెండు జడలతో, బడి సంచీతో వచ్చింది. గదిలోకి వచ్చి నేలను చూసింది. అక్కడా బండలే. మంచం కాడి నుంచి కళ్లతోనే లెక్కపెట్టుకుంటూ వెనక్కి జరిగి, సరిగ్గా మూడో బండ అంచున నిలబడింది. ఎవరూ ఏమీ చెప్పలేదు.

నేను వెళ్లి మంచం మీద అతని పక్కనే కూచున్నాను. అతని గ్లాసు తీసుకొని, అందులో మిగిలిన నీళ్లు తాగాను. పాప కళ్లు పెద్దవి చేసింది.

"నాయినా, గామెకు ఎవ్వలు జెప్పలేదా?" అంది. తర్వాత నాతో, "నీకు జబ్బొస్తది" అంది.

"రాదు బిడ్డ. ఆ మాట జెప్పింది నేనే. తప్పు జెప్పిన. నువ్వు రావొచ్చు."

పాప తండ్రివైపు చూసి ఒక అడుగు ముందుకు వేసింది. అప్పుడు అతని చెయ్యి దానంతట అదే పైకి లేచింది, ఆగమన్నట్టు. నాలుగేళ్లుగా రోజూ లేచిన చెయ్యి. అతను తన చేతిని తానే చూసుకొని గబుక్కున దించేశాడు. కానీ పాప అప్పటికే వెనక్కి వెళ్లిపోయింది.

రెండు రోజులు అలాగే గడిచాయి. పిలిస్తే రాదు. బుజ్జగిస్తే తల్లి వెనక దాక్కుంటుంది. అతను రా అంటూనే మూతి మీదికి తువాలు లాక్కునేవాడు. తర్వాత తప్పు చేసినట్టు తీసేసేవాడు. మందు రాసిచ్చే జబ్బు కాదిది. దీనికి నా దగ్గర ఏ చదువూ లేదు. నేనిచ్చిన దూరాన్ని నేనే వెనక్కి తీసుకోలేకపోయాను.

మూడో రోజు మధ్యాహ్నం అతనికి కునుకు పట్టింది. తల్లి ద్వారం దగ్గర నిలబడి నన్ను చేత్తో పిలిచింది. పాప మంచం దగ్గరికి వెళ్లింది. ముందు దుప్పటి అంచు ముట్టుకుంది. తర్వాత అతని వేలు. తర్వాత మంచం మీద ఒక మూలగా ఎక్కి కూచొని, గరుకు దేలిన ఆ అరచేతిని ఒళ్లో పెట్టుకొని గీతలు చూస్తోంది. నేను అతని మొహం చూశాను. మనిషి మేలుకొనే ఉన్నాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. మూసిన కళ్లలోంచి నీళ్లు చెవివైపు కారుతున్నాయి, తుడుచుకుంటే పాప లేచిపోతుందని తుడుచుకోవడం లేదు.

ఆ తర్వాత పాప వచ్చిన ప్రతిసారీ అతను నిద్రపోయాడు. తల్లికి తెలుసు, నాకు తెలుసు. మేమిద్దరం పాప ముందు, "నాయిన పండుకున్నడు, పో" అనేవాళ్లం. పాప వెళ్లి పక్కన కూచొని బడి సంగతులు గుసగుసగా చెప్పేది. నిద్రపోతున్నవాళ్లకు కూడా వినపడుతుందని నేనే చెప్పాను. నా నోటి నుంచి ఆ కుటుంబానికి వెళ్లిన ఒక్క మంచి మాట అదే.

అమ్మాయిలూ, ఈ కాగితం మీ టీచరుకు నచ్చుతుందో లేదో నాకు తెలియదు. ఆ వానాకాలం తర్వాత నేను రిటైరయ్యేదాకా కూలి అన్న మాట కేస్ షీటులో ఒక్కసారీ రాయలేదు. పొద్దున లేచింది మొదలు నీ చేతులు ఏం చేస్తాయి, నీ పక్కన ఎవరు కూచుంటారు, నువ్వు తిన్న పళ్లెంలో ఎవరు తింటారు అని అడిగేదాన్ని. వరస పెరిగేది. వెనకవాళ్లు సణిగేవారు. సణగనిచ్చాను. ఎవరికైనా ఏదైనా వద్దని చెప్పాల్సి వస్తే, ఎప్పటిదాకానో కూడా చెప్పి పంపండి. వాళ్లు మనకన్నా నిష్ఠగా వింటారు. మనం మరిచిపోయాక కూడా వింటూనే ఉంటారు. ఓపికగల నర్సని మీరు విన్న పేరు నాకు అలా వచ్చింది. అది ఎవరి ఖర్చుతో వచ్చిందో నాకు తెలుసు.

అతను అలా ఐదు రోజులు నిద్రపోయాడు. ఆరో రోజు మధ్యాహ్నం తల్లి గంజి తేవడానికి కిందికి వెళ్లింది. నేను ఆక్సిజన్ చూడడానికి గదిలోకి వెళ్లేసరికి పాప మంచం మీద అతని పక్కనే ఒత్తుకొని పడుకొని ఉంది. అతని చెయ్యి తీసి తన మీద వేసుకుంది. అతని మూతి మీద తువాలు లేదు. ఛాతీ కదలడం లేదు. అడుగు ముందుకు వేయబోతుంటే పాప తలెత్తి, వేలు నోటి మీద పెట్టుకుంది.

"సప్పుడు జెయ్యకు సిస్టరమ్మా. నాయిన పండుకున్నడు."

వాళ్ల అమ్మ గంజి తీసుకొని మెట్లెక్కి వచ్చేదాకా నేను సప్పుడు చేయలేదు.